తుఫాను వెలిసిన పిమ్మట సంఘము చేయదగిన సేవ

ఆంధ్రదేశపు తూర్పుతీరమున నివసించువారికి ఆశ్వయుజ కార్తికమాసములు రెండు తలంపులను కలిగించును. చేలలో వరి యీని గింజ గట్టిపడుచున్నదను సంతోషము ఒకటి. సముద్రముమీద మబ్బు నల్లబడి యీదురుగాలి విసరినపుడెల్ల గుండెలో పుట్టు దిగులు రెండవది. ఆ దిగులునకు తగిన హేతువు మన చరిత్రలోనే కలదు. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై సముద్రము పొంగివచ్చి యించుమించు 30,000 మంది ప్రాణములను గొనిపోయెను. రాబర్టు నోబులు దొరగారు 1843లో స్థాపించిన ప్రసిద్ధ పాఠశాల ఆ పట్టణమందే యుండెను. మరల 1977 నవంబరు 19వ తేదీన, శనివారమునాడు, దివిసీమపై అట్టి ఉప్పెనయే విరుచుకొనిపడెను. సుమారు 5 మీటర్ల యెత్తున లేచిన నీరు సొర్లగొంది మొదలగు తీరగ్రామములను తుడిచివేసెను. సర్కారు లెక్కను బట్టియే మృతులు ఇంచుమించు 10,000 మంది. పశువుల మాట చెప్పనక్కరలేదు.

ఇట్టి విపత్తులు సంభవించినపుడు క్రైస్తవ సంఘము చేయదగిన దేమి? ఇది పండితులు తీరికగా వాదించుకొను ప్రశ్న కాదు. మన విద్యార్థులలో పలువురి యిండ్లు సముద్రమునకు గాని యేటికి గాని చేరువనే యున్నవి. నేడు బల్లలపై కూర్చుండి చదువుచున్నవారే రేపు సంఘపెద్దలు, ఉపాధ్యాయులు, నర్సులు, గ్రామోద్యోగులు కాగలరు. కావున ఈ విషయమును పాఠమువలె క్రమముగా విచారింతము.

మొదటనే నా యభిప్రాయమును చెప్పుచున్నాను. విపత్తుకాలమున సంఘమునకు గల ముఖ్యమైన మూలధనము సొమ్ము కాదు, నమ్మకము. దూరమునుండి వచ్చు సహాయకులు కొన్ని దినము లుండి పోవుదురు. సంఘము అంతకుముందును అచ్చట నుండెను, ఆ తరువాతను అచ్చటనే యుండును. ఎవరి యింట ఎందరు కలరో, ఏ ముసలమ్మకు చూపు లేదో, ఏ బిడ్డకు తల్లి లేదో దానికి తెలియును. ఈ యెరుకను పక్షపాతము లేక వినియోగించినయెడల చిన్న సంఘము సహితము గొప్ప సంస్థలకు సాధ్యము కాని మేలు చేయగలదు. పక్షపాతముతో వినియోగించినయెడల ఉప్పెన పాడుచేయక విడిచిన దానిని సంఘమే పాడుచేయును.

1. అంతియొకయ సంఘము చూపిన మాదిరి

అపొస్తలుల కార్యముల గ్రంథము పదునొకండవ అధ్యాయము కడపట ఒక చిన్న వృత్తాంతము గలదు. యెరూషలేమునుండి వచ్చిన అగబు అను ప్రవక్త గొప్ప కరవు రానున్నదని అంతియొకయలోని సంఘమునకు తెలియజేసెను. క్లౌదియ చక్రవర్తి కాలమున ఆ కరవు వచ్చెను. అంతియొకయవారు ఆ మాట విని భయపడి యూరకుండలేదు. ఆ కరవు ఎవరి దోషమువలన వచ్చుచున్నదని తర్కించనులేదు. ఎవరికి కలిగినంతలో వారు కొంత సొమ్ము తీసి, యూదయలోని విశ్వాసుల నిమిత్తము బర్నబా సౌలుల చేతికిచ్చి, అచ్చటి పెద్దలయొద్దకు పంపిరి.

ఈ కొద్ది మాటలలో నాలుగు సంగతులు గమనింపదగియున్నవి. వారు కరవు వచ్చిన పిమ్మట కాదు, వచ్చునని వినిన వెంటనే పూనుకొనిరి. ధనికులు మాత్రమే కాక అందరును పాలుపొందిరి. సొమ్మును ఎవరికిబడితే వారికి కాక అందరు ఎరిగిన మనుష్యుల చేతికిచ్చిరి. కడపట, అంతియొకయ సంఘమున గ్రీసుదేశస్థులు అనేకులు కలరు. వారు యూదులలోనివారికి, తాము ముఖము చూడనివారికి, సహాయమును పంపిరి.

తరువాత కొంతకాలమునకు పౌలు యెరూషలేములోని బీదల కొరకు చందా కూర్చినపుడు ఆదివారమునాడు ఎవరి భాగమును వారు విడిగా నుంచవలెనని కొరింథీయులకు నేర్పెను. ఆ సొమ్మును తానొక్కడే మోసికొనిపోవుటకు ఒప్పుకొనక సంఘములు ఏర్పరచిన వారిని తోడు తీసికొనెను. తన నిజాయితీని తానెరిగియుండియు, ఇతరులు తప్పు పట్టుటకు చోటియ్యరాదని అతడు తలంచెను. అపొస్తలునికే సాక్షులు కావలసివచ్చినపుడు మన సంఘ కోశాధికారికి అక్కరలేదా?

ఇచ్చట కొందరొక శంక తెత్తురు. అంతియొకయవారు సహోదరులకే పంపిరి గదా. విశ్వాస గృహమువారికి విశేషముగా మేలు చేయవలెనని గలతీయులకు వ్రాసిన పత్రికలో కలదు గదా. కావున తుఫాను వచ్చినపుడు మనవారికే మొదట పంచుట న్యాయము గదా యని యందురు. ఈ శంకకు సమాధానము చెప్పక దాటిపోరాదు. ఆ పత్రికలోని ఆ వాక్యమే అందరికిని మేలు చేయుమని మొదట చెప్పి, తరువాత విశ్వాసుల మాట యెత్తుచున్నది. మరియు ప్రభువు పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి సమరయుని కథ చెప్పెను. ఆ సమరయుడు త్రోవను పడియున్నవాని కులగోత్రముల నడుగలేదు, గాయములు చూచెను. మన సంఘస్థులయెడల మనకు విశేష బాధ్యత కలదు. వారితో కూడి ప్రార్థించుట, వారి మృతులను పాతిపెట్టుట, వారి దుఃఖమును పంచుకొనుట ఆ బాధ్యత. కాని బియ్యము కొలుచు శేరు అందరికిని ఒక్కటే యై యుండవలయును. ఆకలికి మతము లేదు.

ఇది మన యొక్కరి మాటయే కాదు. 1994లో రెడ్‌క్రాసు ఉద్యమమును మరికొన్ని సహాయసంస్థలును కలిసి విపత్తు సహాయమునకు ఒక నియమావళి నేర్పరచినవి. అవసరమును బట్టియే సహాయము చేయవలెననియు, మతప్రచారమునకు గాని రాజకీయమునకు గాని సహాయమును సాధనముగా వాడరాదనియు అందలి ముఖ్య నియమములు. ఆ నియమావళిని పూనిన వారిలో ప్రపంచ సంఘముల సమాఖ్య, లూథరను ప్రపంచ సమాఖ్య, కతోలికుల కారితాసు సంస్థ కూడ కలవు.

2. తుఫానుకు ముందు

తుఫానులో గాలికంటె నీరే యెక్కువ మందిని చంపును. సముద్రముమీద వాయుపీడనము తగ్గినందున నీరు కొంత పైకి లేచును. బలమైన గాలి ఆ నీటిని తీరమువైపు త్రోయును. కృష్ణా గోదావరుల ముఖద్వారముల ప్రాంతమున సముద్రము లోతు తక్కువ గనుక త్రోయబడిన నీరు క్రిందికి మరలుటకు చోటులేక యెత్తుగా లేచును. నేల చదునైనందున లోపలికి పారుటకు అడ్డమును లేదు. ఇదియే ఉప్పెన. దీనిని చూచిన పిమ్మట పరుగెత్తి తప్పించుకొనుట దుర్లభము. ముందుగా వినుట, ముందుగా కదలుట యను రెండే రక్షణోపాయములు.

ఈ మాట సత్యమని లెక్కలు చెప్పుచున్నవి. 1977లో హెచ్చరికలు వెలువడినను దూరగ్రామములలో అనేకులకు అవి చేరలేదు. 1990 మే 9వ తేదీన ఆంధ్రతీరమును తాకిన తుఫాను మిక్కిలి బలమైనదే యైనను, లక్షలకొలది జనులను ముందుగా తరలించుటచేత మృతుల సంఖ్య వేయికి లోపలనే నిలిచెను. ఒడిశాలో 1999 అక్టోబరు 29వ తేదీ మహాతుఫానునకు ఇంచుమించు 10,000 మంది మరణించిరి. అదే రాష్ట్రమును 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిను తుఫాను తాకినపుడు సుమారు 10 లక్షల మందిని ముందే తరలించుటచేత మృతుల సంఖ్య పదులలోనికి తగ్గెను. సముద్రము మారలేదు, మనుష్యులు మారిరి.

కాబట్టి సంఘము చేయు మొదటి సేవ తుఫాను రాకమునుపే ప్రారంభింపవలయును. సంఘపెద్దలు ఊరిలోని గృహముల పట్టిక నొకటి వ్రాసియుంచవలయును. అందు సంఘస్థుల పేళ్లు మాత్రమే కాదు, ఊరివారందరి పేళ్లును ఉండవలయును. వృద్ధులు, నడువలేనివారు, నిండుచూలాండ్రు, పసిబిడ్డల తల్లులు ఎవరెవరో వారి కెదుట గుర్తు పెట్టవలయును. వారిలో ఒక్కొక్కరిని ఎవరు తీసికొనిపోవలసినదియు ముందుగా నిర్ణయింపవలయును. హెచ్చరిక వచ్చినపుడు గుడిగంట ఏ విధముగా మ్రోగవలెనో ఊరంతటికి తెలిపియుంచవలయును. సముద్రములో వేట చేయువారికి ఆ గంట ధ్వని వినబడదు గనుక వారి పడవలవారికి వేరుగ వర్తమానము పంపు ఏర్పాటు కావలయును. 2005 చట్టము ననుసరించి ప్రతి జిల్లాకును కలెక్టరు అధ్యక్షతన విపత్తు నిర్వహణ సంస్థ యొకటి కలదు. సంఘము తన పట్టికను, తన మందిరములో ఎందరికి చోటు గలదను సంగతిని ఆ యధికారులకు తెలిపియుంచుట మంచిది.

మందిరము మాట యెత్తితిమి గనుక ఒక దుఃఖవార్తను జ్ఞాపకము చేయవలసియున్నది. 1977నాటి తుఫానులో బాపట్ల పట్టణమున ఒక చర్చిలో తలదాచుకొన్నవారిలో ఇంచుమించు 100 మంది ఆ కట్టడము కూలినందున మరణించిరి. తమ యిండ్లకంటె ఆ గోడలు బలమైనవని నమ్మి వారు వచ్చిరి. ఇది వినిన ప్రతి సంఘమును తన మందిరపు పైకప్పును, దూలములను, గోడలను ఇంజనీరుచేత పరీక్ష చేయింపవలయును. భక్తి గోడను నిలుపదు. ఇనుము, సిమెంటు, మంచి పనితనము నిలుపును. గోడలు బలహీనమైనవని తెలిసినయెడల ఆ సంగతిని దాచక, జనులను వేరొక భవనమునకు పంపవలయును.

భారతదేశపు సంఘములు కూడి 1947లో దేశవిభజన కాందిశీకుల సహాయార్థము ప్రారంభించిన కాసా అను సంస్థ తరువాతి కాలమున ఆంధ్రతీరమున తుఫాను రక్షణ భవనములను కట్టించెను. ఇట్టి భవనములు స్తంభములపై యెత్తుగా కట్టబడును. క్రింది నుండి నీరు పారిపోవును. తక్కిన దినములలో అవి బడులుగాను కూటములకును ఉపయోగపడును. దినదినము వాడుకలో నున్న కట్టడము పాడుకాదు. పిల్లలకు దాని త్రోవ తెలిసియుండును. అవసరము వచ్చినపుడు తాళపుచెవి యెవరియొద్ద నున్నదని వెదకనక్కరలేదు.

3. మొదటి దినములు

గాలి వెలిసిన తరువాత మొదట కావలసినది మంచినీరు. ఉప్పునీరు, బురద, చచ్చిన పశువుల కుళ్లు కలిసిన బావినీటిని త్రాగినచో ఉప్పెనకు మిగిలినవారిని వాంతిభేదులు చంపును. బావిని తోడించి, బ్లీచింగు పొడి వేయించి, పరీక్ష చేయించువరకు ఆ నీరు త్రాగరాదని చాటింపవలయును. మనుష్యునికొకనికి త్రాగుటకు, వంటకు, శుభ్రతకు కలిపి దినమునకు కనీసము 15 లీటర్ల నీరు కావలెననియు, 20 మందికి ఒక మరుగుదొడ్డి యుండవలెననియు సహాయసంస్థల వాడుకలో నున్న లెక్క. విరేచనములు పట్టుకొన్న బిడ్డకు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలగొట్టిన 6 చిన్న చెంచాల పంచదారయు అర చెంచా ఉప్పును కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవలయును. ఈ కొలత తప్పరాదు. ఉప్పు హెచ్చినయెడల కీడు కలుగును. ఈ కొలతను మన విద్యార్థులందరును కంఠస్థము చేయుదురు గాక.

రెండవది, లెక్క. బ్రదికినవారెవరు, కనబడనివారెవరు, చనిపోయినవారెవరు అను పట్టికను సంఘము వెంటనే తయారు చేయగలదు. ఏలయనగా మొదటి పట్టిక దానియొద్ద నున్నది. ఒంటరియైన బిడ్డను ఎవరో వచ్చి పెంచుకొందుమన్నంతనే అప్పగింపరాదు. ఆ బిడ్డ పేరును, దొరికిన చోటును వ్రాసి, అధికారులకు తెలిపి, బంధువుల కొరకు వెదకవలయును. మేనమామ యో, అమ్మమ్మ యో వేరొక శిబిరమున ఏడ్చుచు నుండవచ్చును.

మూడవది, అందనివారికి అందించుట. సహాయపు లారీలు రోడ్డుపై నిలుచును. లారీ నిలిచినచోటనే సహాయమును నిలిచిపోవును. ఊరి మొదట నున్నవారు, బలము గలవారు, గొంతు గలవారు ముందుగా పొందుదురు. ఊరి చివరి పేట, చెరువుగట్టు మీది యానాదుల గుడిసెలు, విధవయైన ముసలమ్మ పాక కడపట మిగిలిపోవును. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చినపుడు తమిళ తీరమున దళితులకు సహాయశిబిరములలో చోటు దొరకుట కూడ కష్టమయ్యెనని తరువాత బయలుపడెను. తెలుగుదేశపు సంఘములలో అనేకము ఊరి చివరి పేటలలోనే పుట్టినవి. ఆ పేటల త్రోవ మనకు తెలియును. ఆ యెరుకను మనము మరచినయెడల ఇంకెవరు జ్ఞాపకముంచుకొందురు? పంపిణీ ప్రారంభించునపుడు ఊరి చివరనుండి మొదటికి రావలయునని నియమము పెట్టుకొన్న సంఘము తప్పు చేయుట అరుదు.

నాలుగవది, స్త్రీల మర్యాద. శిబిరమున స్త్రీలకు స్నానమునకు, మరుగునకు చాటు కల్పింపవలయును. రాత్రి దీపము పెట్టవలయును. ఈ సంగతులు పురుషులైన పెద్దలకు తోచవు. కనుక సహాయసంఘములో సగముమంది స్త్రీలుండుట యుక్తము.

4. భిక్షము కాదు, కూలి

కొన్ని దినములు గడచిన పిమ్మట వేరొక ప్రమాదము మొదలగును. పని చేయగల చేతులు ఊరక చాచబడుట కలవాటుపడును. దానిని తప్పించు విధమును మన దేశచరిత్రయే నేర్పుచున్నది.

1876 మొదలు 1878 వరకు మదరాసు రాజధానిని గొప్ప కరవు పీడించెను. అప్పుడు ఒంగోలులో అమెరికను బాప్టిస్టు మిషనుకు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు పనిచేయుచుండిరి. ఆయన యౌవనమున భూముల సర్వే పని నేర్చినవారు. సర్కారువారు కరవుపనిగా త్రవ్వించుచుండిన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల భాగమును ఆయన కంట్రాక్టు తీసికొనిరి. వేలకొలది బీదలు, ముఖ్యముగా మాదిగలు, అచ్చట పార పట్టి మన్ను మోసి కూలి సంపాదించుకొనిరి. తన బోధకులనే ఆయన మేస్త్రీలుగా నియమించిరి. కూలివానిని కొట్టక, తిట్టక, కొలత తగ్గింపక, వచ్చిన డబ్బు వాని చేతిలో పెట్టుట ఆ శిబిరపు కీర్తి. అట్టి కాలమున అది సామాన్యమైన సంగతి కాదు.

ఇంతకంటె విశేషమైనది మరియొకటి కలదు. పనిచేయువారిలో అనేకులు బాప్తిస్మమిమ్మని యడుగసాగిరి. మిషనెరీకి అంతకంటె సంతోషకరమైన మాట యేది? అయినను క్లౌ దొరగారు ఒప్పుకొనలేదు. కూడు కొరకు మతము పుచ్చుకొనిరను మాట వారికి గాని సంఘమునకు గాని రాకూడదని పదునైదు మాసములు బాప్తిస్మములను నిలిపివేసిరి. సహాయము ముగిసి, ఇక నియ్యవలసిన డబ్బును బియ్యమును లేవని తెలిసిన పిమ్మట కూడ జనులు వచ్చి యడిగిరి. అప్పుడే, 1878 జులై 3వ తేదీన, గుండ్లకమ్మ యేటి యొడ్డున వెల్లంపల్లి యొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆ సంఖ్యనే మనము తరచుగా చెప్పుకొందుము. దానికి ముందు గడచిన ఆ పదునైదు మాసములను గూర్చి తక్కువగా చెప్పుకొందుము. నా యెంచికలో విద్యార్థులు నేర్వవలసిన పాఠము ఆ మాసములలోనే యున్నది. ఆకలిగొన్నవాని ‘ఔను’ అను మాటకు విలువ లేదు. వాడు ‘కాదు’ అనగల స్థితిలో నున్నపుడే ‘ఔను’ అను మాటకు విలువ. ఒక చేత అన్నమును మరియొక చేత ప్రమాణపత్రమును పట్టుకొని వచ్చు సంఘము, వాని మనస్సాక్షిని కొనజూచుచున్నదే కాని వానిని ప్రేమించుట లేదు. హిందూ ముసల్మాను సోదరులు మనలను గూర్చి యిట్టి సందేహము పడినపుడు కోపగించుకొనుట సులభము. సందేహమునకు చోటియ్యకుండ నడచుకొనుట కష్టము. అదే మన పని.

నేటి గ్రామములలోను చేయదగిన పనులకు కొదువ లేదు. కూలిన పాకలు కట్టుట, చెరువు పూడిక తీయుట, పంటకాలువలు బాగుచేయుట, వలలు అల్లుట, పడవలు మరమ్మతు చేయుట మొదలగునవి చేయించి కూలి యిచ్చినయెడల ఊరును బాగుపడును, కూలివాని మానమును నిలుచును. పని చేయలేని వృద్ధులకును రోగులకును మాత్రము కూలి యడుగక యియ్యవలయును.

5. లెక్కలు తెరచియుంచుట

విపత్తుకాలమున వచ్చు సొమ్ము త్వరగా వచ్చును, త్వరగా వ్యయమగును. అందుచేత శోధనయు ఎక్కువ. కొన్ని సులభమైన నియమములు చాలును. సొమ్ము పుచ్చుకొనువాడును ఖర్చు వ్రాయువాడును ఒక్కడే కారాదు. ప్రతి చీటిమీద ఇద్దరి చేవ్రాలుండవలయును. వచ్చిన సొమ్ము ఇంత, పంచిన బియ్యము ఇంత, మిగిలినది ఇంత అని వారమున కొకసారి మందిరపు తలుపుమీద అందరు చదువునట్లు కాగితము అంటింపవలయును. పంపిణీ సంఘములో క్రైస్తవులు కానివారు ఒకరిద్దరు ఉండుట మిక్కిలి మంచిది. పెద్దల బంధువులు సహాయము పొందినయెడల వారి పేళ్లు దాచరాదు. సహాయము పొందినవారి ఫోటోలు తీసి పత్రికలలో వేయుటకు ముందు వారి సమ్మతి అడుగవలయును. అన్నపు గిన్నె పట్టుకొన్న తన తల్లి బొమ్మను లోకమంతయు చూచుట మనలో ఎవరికి ఇష్టము?

6. అందరును వెడలిపోయిన తరువాత

మూడు నాలుగు మాసములకు వార్తాపత్రికలు వేరొక సంగతి వ్రాయుచుండును. సంఘపు నిజమైన పరీక్ష అప్పుడే ప్రారంభమగును. ఉప్పునీరు నిలిచిన పొలము ఆ యేటికి పండదు. మంచినీరు పెట్టి ఉప్పును దిగువకు దింపి మురుగుకాలువ గుండ వెడలగొట్టవలయును. చౌడు పట్టిన నేలకు వ్యవసాయాధికారుల సలహాపై జిప్సము వేయవలయును. ఇది చిన్న రైతుకు భారమైన పని. విత్తనములకు వడ్డీలేని అప్పు, దుక్కికి ఉమ్మడి ఎడ్లు గాని ట్రాక్టరు గాని సంఘము ఏర్పాటు చేయగలదు. తీరమున మడ అడవులను కాపాడుట కూడ ఇట్టి సేవయే. 1999 మహాతుఫానులో ఒడిశాలోని కేంద్రపడ జిల్లాయందు మడ అడవులు వెడల్పుగా నిలిచియున్న గ్రామములలో మరణములు తక్కువ జరిగెనని శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

మనస్సునకు తగిలిన గాయములు పొలమునకు తగిలిన గాయములకంటె మెల్లగా మానును. బిడ్డ చేతిని పట్టుకొని యుండియు నీటికి విడిచిన తండ్రి యెన్నియో యేండ్లు నిద్రపోడు. వానియొద్ద కూర్చుండుటయే సేవ. ఎక్కువగా మాటలాడుట సేవ కాదు. ముఖ్యముగా ఒక్క మాట పలుకరాదు. ఆ గ్రామమువారి పాపమువలన ఈ శిక్ష వచ్చెనని చెప్పరాదు. సిలోయమునందు గోపురము కూలి పదునెనమండుగురు చచ్చిన వార్తను గూర్చి ప్రభువు మాటలాడినపుడు, చచ్చినవారు తక్కిన యెరూషలేమువారికంటె ఎక్కువ దోషులు కారని స్పష్టముగా చెప్పి, వినుచున్నవారిని తమ్ముతాము సరిచూచుకొనుమనెను. దివిసీమలో మునిగిన పసిబిడ్డల పాపమేమి? ఆ మాట పలుకువాడు దేవుని పక్షమున మాటలాడుచున్నానని తలంచును గాని, ప్రభువు మాటకు విరోధముగా మాటలాడుచున్నాడు.

7. విద్యార్థులు చేయదగినది

మేము పిల్లలము, మావలన నేమగునని మీ రనవచ్చును. మీ వీధిలోని యిండ్ల పట్టికను మీరు వ్రాయగలరు. మీ యింటి వృద్ధులకు తుఫాను హెచ్చరికను చదివి వినిపింపగలరు; పుకార్లను విడిచి వాతావరణశాఖ మాటనే చెప్పగలరు. పంచదార ఉప్పు కొలతను తల్లులకు నేర్పగలరు. ఈత నేర్చుకొనగలరు. ఆదివారపు కానుకలో ఒక భాగమును విపత్తునిధికని వేరుగా నుంచవలెనని మీ సంఘమున మనవి చేయగలరు. అన్నిటికంటె ముఖ్యముగా, మీ బల్లమీద మీ ప్రక్క కూర్చుండు బాలుడు ఏ పేటవాడైనను, ఏ మతమువాడైనను వానితో నేడే స్నేహముగా నుండగలరు. మంచిదినములలో కలిసి భుజింపనివారు చెడుదినములలో సమానముగా పంచిపెట్టుట కష్టము.

తల్లిదండ్రులకును ఒక మనవి. ఈ వత్సరము తుఫానుల కాలము రాకమునుపే మీ సంఘపెద్దలను మూడు ప్రశ్నలడుగుడు: మన మందిరపు కప్పు గట్టిదా? ఊరివారందరి పట్టిక వ్రాసితిమా? తాళపుచెవి యెవరియొద్ద నున్నది? ఈ మూటికి సరియైన ప్రత్యుత్తరము చెప్పగల సంఘము, ధనము స్వల్పమైనను, తన యూరికి మేలు చేయ సిద్ధముగా నున్నది.

అభ్యాస ప్రశ్నలు

1. అంతియొకయ సంఘము కరవు రాకమునుపే సహాయమును సిద్ధపరచెను. దీనికి సాటిగా మీ యూరిలో చేయదగిన పనులు మూటిని వ్రాయుడు.

2. కృష్ణా గోదావరుల ముఖద్వారముల యొద్ద ఉప్పెన యెత్తుగా లేచుటకు కారణము లేవి?

3. క్లౌ దొరగారు బాప్తిస్మములను నిలిపివేయుట సరియైనదని మీరు తలంతురా? హేతువులతో వ్రాయుడు.

4. మీ వీధిలోని పది యిండ్లను దర్శించి, హెచ్చరిక వచ్చినపుడు ఇతరుల సహాయము లేక కదలలేనివారి పట్టికను తయారుచేసి మీ ఉపాధ్యాయునికి చూపుడు.